అమెరికన్లు చెప్పుకునే యూరప్ మూలాలను ప్రాంతాలవారీగా ఎంతవరకు నమ్మొచ్చు?

పటాలరాయుడు (ప్రశ్న)

అమెరికా సెన్సస్ బ్యూరో శాంపిల్ మీద చేసే అమెరికన్ కమ్యూనిటీ సర్వే (ఏసీఎస్) 5 ఏళ్ల డేటాలోని బీ04006 టేబుల్ (చెప్పుకున్న మూలాలవారీ సంఖ్యలు) తీసుకుని, ఏ కౌంటీలో (మన జిల్లా లాంటిది) ఏ యూరప్ మూలం వాళ్లు ఎక్కువో చూపే మ్యాప్ వేస్తున్నాను. నార్త్ డకోటాలో జర్మన్, నార్వేజియన్, రోడ్ ఐలండ్‌లో ఇటాలియన్. ఇవి సబబుగానే కనిపిస్తున్నాయి. కెంటకీ, టెనెసీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం "అమెరికన్" అనే రంగు పరుచుకుంటోంది. అది యూరప్‌లో ఏ దేశం?

ఇంకో చిక్కు కూడా ఉంది. ఇంగ్లిష్ మూలం చెప్పుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 1980 సెన్సస్‌లో 4.96 కోట్లు, 1990లో 3.27 కోట్లు, 2000లో 2.45 కోట్లు. 2020లో చూస్తే 4.66 కోట్లు. ఇరవై ఏళ్లలో సగం మంది మాయమై, ఇంకో ఇరవై ఏళ్లకు తిరిగొచ్చినట్టుంది.

తెలుసుకోవాలనుకున్నది ఇంతే: ఏ ప్రాంతంలో జవాబులు నమ్మదగ్గవి, ఏ ప్రాంతంలో కావు? తప్పు ఉంటే ఏ వైపు ఉంటుంది? సరిచూసుకునే దారి ఏమన్నా ఉందా? వివరంగా తెలిసినవాళ్లు చెప్పగలరు.

---

లెక్కలమాస్టారు

ముందు రెండో చిక్కు విప్పుదాం. అది విడితే మొదటిది సగం విడినట్టే.

1970 వరకు సెన్సస్ అడిగేది తల్లిదండ్రులు ఎక్కడ పుట్టారని. దానికి ఉండే జవాబు ఒక్కటే. 1980లో దాన్ని తీసేసి, "ఈ వ్యక్తి వంశమూలం ఏమిటి?" అని ఒక ఖాళీ గడి పెట్టారు. సుమారు ఆరిళ్లలో ఒక ఇంటికి వెళ్లే పొడవు ఫారంలో ఇది ఉండేది. గడి కింద "ఉదాహరణకు" అని కొన్ని పేర్లు రాసేవారు. మీ లెక్కల్ని ఆడించింది ఆ ఉదాహరణల వరసే.

1980 ఫారంలో ఉదాహరణల్లో "ఇంగ్లిష్" ఉంది. పైగా దానికి ముందు ప్రశ్నలోనే ఇంగ్లిష్ ఎంత బాగా మాట్లాడతారని అడిగారు, ఆ మాట చెవిలో ఉండగానే వంశం అడిగారు. 1990లో "ఇంగ్లిష్" తీసేసి "జర్మన్"ను వరసలో మొట్టమొదట పెట్టారు. ఇంగ్లిష్ 3.27 కోట్లకు పడింది, జర్మన్ 4.92 కోట్ల నుంచి 5.79 కోట్లకు లేచింది. 2000లో జర్మన్, ఐరిష్, ఇంగ్లిష్ మూడూ ఉదాహరణల్లో లేవు. జర్మన్ ఒక్కసారిగా 4.28 కోట్లకు జారింది. అదే ఫారంలో కొత్తగా "నార్వేజియన్" చేర్చారు, ఆ సంఖ్య మాత్రం సుమారు 38.7 లక్షల నుంచి 44.8 లక్షలకు పెరిగింది. ఆ పదేళ్లలో నార్వే నుంచి ఓడలేమీ దిగలేదు.

చిన్న సమూహాల్లో ఇది ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. క్రొయేషియన్ పేరు 1990 ఉదాహరణల్లో చేరింది, సంఖ్య 2.5 లక్షల నుంచి 5.4 లక్షలైంది. కేజన్ (లూసియానాలోని ఒక ఫ్రెంచ్ సంతతి) అని రాసినవాళ్లు 1990లో 6 లక్షలు దాటారు. 2000లో ఆ ఉదాహరణ తీసేస్తే లక్ష కూడా మిగల్లేదు. వాళ్లంతా అవే ఇళ్లలో ఉన్నారు, ఈసారి "ఫ్రెంచ్" అనో "అమెరికన్" అనో రాశారు, లేదా ఏమీ రాయలేదు.

ఇక 2020. అది వేరే ప్రశ్న. జాతి ప్రశ్నలో "తెల్లవారు" అనే గడి కింద రాసే చోటు ఇచ్చి, జర్మన్, ఐరిష్, ఇంగ్లిష్, ఇటాలియన్, లెబనీస్, ఈజిప్షియన్ అని ఉదాహరణలు ఇచ్చారు. "ఇంగ్లిష్" మళ్లీ వచ్చింది, సంఖ్యా వచ్చింది. 2000 దాకా, ఏసీఎస్‌లోనూ, టేబుళ్లలోకి వెళ్లేది మొదటి రెండు జవాబులే. 2020లో ఆరు దాకా లెక్కలోకి తీసుకున్నారు, అదీ శాంపిల్ మీద కాదు, అందరి మీదా. కాబట్టి 2020 అంకెను ఏసీఎస్ అంకె పక్కన పెట్టి "పెరిగింది", "తగ్గింది" అని ఎప్పుడూ రాయకండి. ఏసీఎస్ ఇప్పటికీ 2000 నాటి ఉదాహరణలతోనే నడుస్తోంది. ఇటాలియన్, నార్వేజియన్, పోలిష్, ఉక్రేనియన్, ఫ్రెంచ్ కెనడియన్ ఉన్నాయి. జర్మన్, ఐరిష్, ఇంగ్లిష్ లేవు. మీ మ్యాప్‌లో ఈ వాలు దేశమంతటా ఉంది, ఏదో ఒక ప్రాంతానికి పరిమితం కాదు.

ఖాళీగా వదిలేసినవాళ్ల సంగతి మరవకండి. 2000లో 58 శాతం మంది ఒకే మూలం రాశారు, 22 శాతం రెండు రాశారు, 19 శాతం ఏమీ రాయలేదు. అయిదుగురిలో ఒకరి జవాబు లేకుండా వేసిన మ్యాప్ అది.

---

వంశవృక్షం

మాస్టారు ఫారం సంగతి చెప్పారు కాబట్టి నేను నేల సంగతి చెబుతాను. ఒక్క సూత్రం పట్టుకుంటే చాలావరకు దారి దొరుకుతుంది: వలస వచ్చి ఎన్ని తరాలైందో, ఎంత గుంపుగా స్థిరపడ్డారో, బయటివాళ్లతో ఎప్పటినుంచి పెళ్లిళ్లు జరిగాయో, ఈ మూడింటిని బట్టే జ్ఞాపకం నిలుస్తుంది.

ఈశాన్యంలో ఇటాలియన్ జవాబు బాగా నమ్మొచ్చు. వలసలో ఎక్కువ భాగం 1880 నుంచి 1920ల మొదటి వరకే జరిగింది. ఇప్పుడు జవాబు రాసే పెద్దవాళ్లకు అది తాతల కాలం, ముత్తాతల కాలం. ఇంటిపేరు, చర్చి, వంటిల్లు అన్నీ గుర్తుచేస్తూనే ఉంటాయి. కనెటికట్, న్యూజెర్సీ, రోడ్ ఐలండ్ రంగులకు మీరు చేయాల్సిన సవరణ ఏమీ లేదు. అక్కడివాళ్లకు తెలిసిన గీత ఒకటి మాత్రం మ్యాప్ మీద పడదు: సిసిలీ, కంపానియా, కలాబ్రియా అన్న తేడా. వచ్చినవాళ్లలో అత్యధికులు దక్షిణ ఇటలీ వాళ్లు, సెన్సస్ కోడింగ్‌లో చివరికి అంతా "ఇటాలియన్".

మెయిన్, న్యూ హాంప్‌షైర్, వెర్మాంట్‌లలో ఒక గుంట ఉంది. క్విబెక్ నుంచి మిల్లుల్లో పనికి దిగినవాళ్ల సంతానం కొందరు "ఫ్రెంచ్" అనీ, కొందరు "ఫ్రెంచ్ కెనడియన్" అనీ రాస్తారు. అన్నదమ్ముల పిల్లలే రెండు వరసల్లో పడతారు. అక్కడ ఈ రెండూ కలిపేయండి. లూసియానాలో మాత్రం అలా గుడ్డిగా కలపకూడదు. అక్కడ "ఫ్రెంచ్" అన్నది అకేడియా (ఇప్పటి కెనడా తూర్పు తీరం) నుంచి వచ్చినవాళ్లను, నేరుగా ఫ్రాన్స్ నుంచి వచ్చినవాళ్లను, కరీబియన్ మీదుగా వచ్చినవాళ్లను ఒకే గంపలో వేస్తుంది. అదీ చాలదన్నట్టు, 1720లలోనే మిసిసిపీ ఒడ్డున జర్మన్లు స్థిరపడ్డారు. న్యూ ఆర్లీన్స్ ఎగువన ఉన్న ఆ ఒడ్డును ఇప్పటికీ జర్మన్ తీరం అనే అంటారు. చుట్టూ ఫ్రెంచ్ మాటే ఉండేసరికి ట్స్వైగ్ అనే ఇంటిపేరు లాబ్రాంచ్ అయింది, రెండు భాషల్లోనూ అర్థం కొమ్మే. ఆ సంతతిలో జర్మన్ అని రాసేవాళ్లు అరుదు.

విస్కాన్సిన్, డకోటాలు, నెబ్రాస్కాల్లో జర్మన్ అనే మాట గట్టిదే, కానీ చాలా వెడల్పైనది. డకోటాల్లో, కాన్సస్‌లో పెద్ద భాగం వోల్గా, నల్లసముద్రం దరి నుంచి వచ్చిన జర్మన్లు, వాళ్ల పుట్టిన దేశం కాగితం మీద రష్యా. స్విట్జర్లండ్, అల్సాస్, బొహీమియా నుంచి జర్మన్ మాట్లాడుతూ వచ్చినవాళ్లూ ఇందులోకే చేరతారు. భాష ప్రకారం ఒప్పు, దేశం ప్రకారం తప్పు. మినెసోటా, డకోటాల నార్వేజియన్, స్వీడిష్ జవాబులకు వంక పెట్టడానికి లేదు. మిషిగన్ ఎగువ ద్వీపకల్పంలో ఫిన్నిష్ కూడా అంతే.

పెన్సిల్వేనియాలో ఒక పాత ఉచ్చు ఉంది. "పెన్సిల్వేనియా డచ్" అంటే హాలండ్ కాదు, పలటినేట్ (జర్మనీ నైరుతి ప్రాంతం), దాని చుట్టుపక్కల నుంచి వచ్చిన జర్మన్లే. "డచ్" అని మాత్రమే రాసినవాళ్లు డచ్ వరసలోనే పడతారు. మిషిగన్ పడమటి అంచునో అయోవా వాయవ్యంలోనో డచ్ అంటే నిజంగా డచ్. పెన్సిల్వేనియా ఆగ్నేయంలో, అక్కడి నుంచి లోయల వెంట దిగిన వర్జీనియా, నార్త్ కరోలినా కౌంటీల్లో ఆ మాటను అనుమానించాల్సిందే. ఆ లోయల్లోనే ష్మిట్‌లు స్మిత్‌లు, ట్సిమర్‌మాన్‌లు కార్పెంటర్లు, హూబర్‌లు హూవర్‌లు అయ్యారు. ఇంటిపేరు చూసి ఇంగ్లిష్ అనుకునే మునిమనవళ్లు అక్కడ కొల్లలు.

యూటా ఒక మినహాయింపు. 19వ శతాబ్దంలో మోర్మన్ మతం పుచ్చుకుని ఇంగ్లండ్ నుంచి, డెన్మార్క్ నుంచి నేరుగా వచ్చినవాళ్ల సంతతి అది. వంశావళి రాయడం అక్కడ మతధర్మంలో భాగం. ఇంగ్లిష్ మూలం శాతం ఎక్కువగా కనిపించేదీ అక్కడే. దక్షిణంలో ఇంగ్లిష్ తక్కువగా, యూటాలో ఎక్కువగా కనిపించడంలో ఎంతో కొంత తేడా రక్తంలో కాదు, రికార్డులు దాచుకోవడంలో ఉంది.

ఇక మీ "అమెరికన్". 2000లో అలా రాసినవాళ్లు 2 కోట్ల పైచిలుకు, 7.2 శాతం. కెంటకీలో సుమారు అయిదో వంతు. కెంటకీ, టెనెసీ, వెస్ట్ వర్జీనియా, ఆర్కన్సా నాలుగింటిలో ఆ ఏడాది అన్నిటికంటే పెద్ద జవాబు అదే. ఆ కొండ కౌంటీలకు 19వ శతాబ్దపు వలస దాదాపు చేరలేదు. వాళ్ల పూర్వీకులు 1776కు ముందే వచ్చిన ఇంగ్లిష్ వాళ్లు, అల్‌స్టర్ స్కాట్లు (స్కాట్లండ్ నుంచి ఐర్లండ్ ఉత్తరాన ఉన్న అల్‌స్టర్‌కు వెళ్లి స్థిరపడ్డవాళ్లు), కొంత జర్మన్లు. ఎనిమిదో తొమ్మిదో తరంలో అడిగితే చెప్పడానికి ఏముంటుంది? వాళ్లు రాసింది నిజాయితీ గల జవాబు. మీ మ్యాప్‌కే పనికిరాదు.

---

పటాలరాయుడు

చాలా విషయం దొరికింది, ఇద్దరికీ ధన్యవాదాలు. అయితే "అమెరికన్"ను మొత్తంగా ఇంగ్లిష్‌లో కలిపేస్తే సరిపోతుందా? ఐరిష్ సంగతి మీరు ఎత్తలేదు వంశవృక్షం గారూ. జార్జియాలో, టెక్సస్‌లో కూడా ఐరిష్ పెద్ద సంఖ్యలో వస్తోంది. బోస్టన్ ఐరిష్, జార్జియా ఐరిష్ ఒకటేనా?

---

వంశవృక్షం

ఒకటి కాదు. మసాచుసెట్స్ ఐరిష్ అంటే ఎక్కువగా 1845 కరువు తర్వాత వచ్చిన కాథలిక్కుల సంతతి. దక్షిణాన ఐరిష్ అని రాసేవాళ్లలో పెద్ద భాగం 18వ శతాబ్దంలో అల్‌స్టర్ నుంచి వచ్చిన ప్రెస్బిటేరియన్ల సంతతి, వాళ్లకు సరైన మాట స్కాచ్ ఐరిష్. ఆ మాట ఉదాహరణల్లో లేదు. ఇంట్లో చెవినపడ్డది "ఐరిష్" అన్న ముక్క ఒక్కటే. స్కాచ్ ఐరిష్ అని రాసినవాళ్లు 1990లో 56 లక్షలు, 2000లో 43 లక్షలు. అసలు సంతతి అంతకంటే చాలా ఎక్కువ ఉండాలి. ఐరిష్ అని చెప్పుకునే అమెరికన్లను మతం అడిగిన సర్వేల్లో ప్రొటెస్టంట్లే ఎక్కువమంది తేలడానికి కారణం ఇదే.

దానికి తోడు ఐరిష్‌కు ఒక ఆకర్షణ ఉంది. నలుగురు తాతా అవ్వల్లో ఒకరు ఐరిష్, ఇద్దరు ఇంగ్లిష్, ఒకరు జర్మన్ అయినా, జవాబులో ఐరిష్ మిగులుతుంది, ఇంగ్లిష్ జారిపోతుంది. మొత్తం వచ్చింది 45 లక్షల మంది, 1980లో ఆ మూలం చెప్పుకున్నది 4 కోట్ల మంది. ఈ లెక్క మీద 1994లో మైఖేల్ హౌట్, జాషువా గోల్డ్‌స్టీన్ అనే సామాజిక శాస్త్రవేత్తలు పనిచేశారు. జననాల లెక్కతో ఒక్కదానితో ఆ సంఖ్య రాదనీ, బయటి పెళ్లిళ్ల వల్ల, ఆ పిల్లలు ఐరిష్ వైపు మొగ్గడం వల్ల వచ్చిందనీ తేల్చారు. ఇంగ్లిష్‌కు దక్కనిది, ఐరిష్‌కు దక్కింది ఆ మొగ్గుదలే.

"అమెరికన్"ను మొత్తంగా ఇంగ్లిష్‌లో పోయకండి. ఇంగ్లిష్, స్కాటిష్, స్కాచ్ ఐరిష్, వెల్ష్, బ్రిటిష్, అమెరికన్ కలిపి "పాత బ్రిటిష్ దీవులు" అని ఒకే రంగు ఇవ్వండి. దక్షిణాన, ఆపలాచియన్ కొండల్లో ఇంతకంటే సన్నగా విడదీయడం జవాబుల మీద ఆధారపడి సాధ్యం కాదు. దక్షిణపు ఐరిష్‌ను ఆ రంగులో కలిపితే నాకు అభ్యంతరం లేదు, కానీ కింద ఆ మాట రాయాలి.

---

క్రోమో22

డీఎన్ఏ వైపు నుంచి రెండు మాటలు. డీఎన్ఏ పరీక్షల కంపెనీ 23 అండ్ మీ వాళ్ల డేటాతో 2015లో వచ్చిన అధ్యయనంలో, యూరప్ మూలం అమెరికన్ల జన్యువుల్లో బ్రిటిష్, ఐరిష్ వాటా సగటున ప్రతి రాష్ట్రంలోనూ 20 శాతం పైనే ఉంది. ఆర్కన్సా, మిసిసిపీ, టెనెసీల్లో 50 శాతం దాటింది. ఇటాలియన్ వాటా ఈశాన్యంలో, స్కాండినేవియన్ వాటా మినెసోటా, డకోటాల్లో పేరుకుంది. అంటే వంశవృక్షం గారు చెప్పినట్టే "అమెరికన్" రంగు కింద ఉన్నది చాలావరకు బ్రిటిష్ దీవులే. శాంపిల్ మాత్రం డబ్బు పెట్టి పరీక్ష చేయించుకున్నవాళ్లది. ఊరూవాడా సమానంగా తీసింది కాదు.

ఇప్పుడు హెచ్చరిక. డీఎన్ఏను తీర్పరిగా కూర్చోబెట్టకండి. ఫిన్నిష్, అష్కెనాజీ యూదు (మధ్య, తూర్పు యూరప్ యూదులు), సార్డీనియన్ మూలాలను పరీక్ష బాగా పట్టుకుంటుంది, ఎందుకంటే ఆ జనాభాలు చాలాకాలం బయటివాళ్లతో కలవకుండా ఉండి విడి గుర్తులు పెంచుకున్నాయి. ఇంగ్లిష్, డచ్, ఉత్తర జర్మన్, డేనిష్ మధ్య తేడా దారమంత. అందుకే కంపెనీలు "ఫ్రెంచ్, జర్మన్" అని ఒకే పెట్టె పెట్టడం, "ఉమ్మడి వాయవ్య యూరప్" అని తప్పుకోవడం చూస్తారు. నిఖార్సైన జర్మన్ వంశం ఉన్న విస్కాన్సిన్ మనిషికి సగం బ్రిటిష్ అని వచ్చినా నేను ఆశ్చర్యపోను. కంపెనీ పోల్చుకునే శాంపిళ్లు మార్చిన ప్రతిసారీ అదే ఉమ్మికి వేరే శాతాలు వస్తాయి. అలాంటి కొలబద్దతో జవాబు రాసినవాడిని తప్పుపట్టడం అన్యాయం.

ఇంకోటి, వారసత్వం లెక్క. ఒక్కో తాత నుంచి సగటున 25 శాతం వస్తుంది, నిజంగా 20 రావచ్చు, 30 రావచ్చు. 16 మంది ఉండే తరంలో ఒక్కొక్కరి సగటు 6.25 శాతం, ఆ సగటుతో పోలిస్తే హెచ్చుతగ్గులు ఇంకా ఎక్కువ. పది తరాల వెనక 1024 స్థానాలుంటాయి, వాళ్లలో చాలామంది నుంచి మీకు ఒక్క ముక్క కూడా రాదు. కాగితం మీద నిజమైన పూర్వీకుడు డీఎన్ఏలో లేకపోవచ్చు. కాబట్టి రాష్ట్రం స్థాయి సగటుకు డీఎన్ఏ వాడండి, మనిషి స్థాయిలో జవాబు తప్పని తేల్చడానికి వద్దు.

అది తిరుగులేకుండా తేల్చే సందర్భాలూ ఉన్నాయి. ఆపలాచియన్లలో మెలంజన్ అనే కుటుంబాలు తరతరాలుగా "పోర్చుగీస్" అని చెప్పుకున్నాయి. 2012లో వచ్చిన అధ్యయనంలో ఆ ప్రధాన కుటుంబాల మగవైపు వంశరేఖల్లో ఆఫ్రికావి ఉన్నాయనీ, ఆడవైపు రేఖలు యూరప్‌వి అని తేలింది. ఆఫ్రికా రక్తం ఉందంటే ఓటు, ఆస్తి, పెళ్లి అన్నిటికీ చేటు వచ్చే కాలంలో పుట్టిన జవాబు అది. మరచిపోవడం ఒక రకం, దాచుకోవడం ఇంకో రకం. రెండోదాన్ని ఫారం ఉదాహరణలు సరిచేయలేవు.

---

అడ్డుపుల్ల

మీరంతా "తప్పు", "ఒప్పు" అంటున్నారు గానీ, ప్రశ్న అడిగిన తీరు చూడండి. అది జన్యువులు అడగలేదు, పుట్టుపూర్వోత్తరాల పట్టిక అడగలేదు. మనిషి తనను ఎవరితో ముడిపెట్టుకుంటాడో అడిగింది. 32 మంది పూర్వీకుల్లో ఒకరినే ఎంచుకుని "నార్వేజియన్" అంటే, అతని వరకు అది ఒప్పే. "అమెరికన్" కూడా అంతే. దాన్ని సరిచేసి ఇంగ్లిష్ చేయడం మీ మ్యాప్ సౌకర్యం కోసమే.

---

లెక్కలమాస్టారు

అడ్డుపుల్ల గారి మాటలో న్యాయం ఉంది. అయితే గుర్తింపునే కొలుస్తున్నా, అది ఏడాదికైనా నిలబడాలి కదా. 1971లోనూ 1972లోనూ కరెంట్ పాపులేషన్ సర్వేలో అవే మనుషుల మూలం గురించి రెండుసార్లు జవాబు వచ్చింది. ఏడాది తిరిగేసరికి సుమారు మూడింట ఒకరి జవాబు మారింది. ఇంగ్లిష్, స్కాటిష్, వెల్ష్ అన్నవాళ్లలో సగానికి కొంచెం పైన మాత్రమే అదే జవాబు వచ్చింది. ఇటాలియన్, పోలిష్ వాళ్లలో నిలకడ చాలా ఎక్కువ. ఇంకో కారణం చాలామంది పట్టించుకోరు: ఇంట్లో ఒకరే అందరి తరఫునా ఫారం నింపుతారు. పోయినసారి భార్య, ఈసారి భర్త నింపితే అత్తవారి మూలాలు అటూ ఇటూ అవుతాయి. పిల్లలకు రెండు మూలాలు ఉన్నా, నింపే మనిషికి దగ్గరదో, ఇంటిపేరు చెప్పేదో ఒక్కటే పడుతుంది.

ఇప్పుడు పని. బీ04006లో రెండు మూలాలు రాసిన మనిషి రెండు వరసల్లోనూ ఉంటాడు. వంశవృక్షం గారు చెప్పిన ఆరు వరసలను అందులోంచి నేరుగా కూడితే "ఇంగ్లిష్, స్కాటిష్" రాసిన ప్రతి మనిషి రెండుసార్లు పడతాడు. సరైన దారి ఐపమ్స్ (సెన్సస్, సర్వే డేటా ఇచ్చే సైట్) నుంచి మనిషి వారీ మైక్రోడేటా దించుకోవడం. మొదటి, రెండో మూలాల గడులు వేర్వేరుగా ఉంటాయి. ఆరింటిలో ఏదైనా ఒకటి రెండు గడుల్లో ఎక్కడున్నా 1, లేకపోతే 0 ఇచ్చి, మనిషి బరువుతో (శాంపిల్‌లోని ఆ ఒక్కరు ఎంతమందికి ప్రతినిధో చెప్పే అంకె) గుణించి కూడండి. చిక్కల్లా మైక్రోడేటాలో కౌంటీ ఉండదు, కనీసం లక్ష జనాభా ఉన్న ప్యూమా అనే ప్రాంతం ఉంటుంది. కొండ కౌంటీలు అయిదారు కలిసి ఒక ప్యూమా అవుతాయి. నా ఓటు ప్యూమా మ్యాప్‌కే. కౌంటీ మ్యాపే కావాలంటే బీ04004 వాడండి, అది ఒకే మూలం రాసినవాళ్ల టేబుల్, కాబట్టి కూడినా ఎవరూ రెండుసార్లు పడరు. బీ04005 రెండు మూలాలవాళ్లది.

బీ04004ను బీ04006తో భాగిస్తే ఒక పనికొచ్చే సూచిక వస్తుంది. ఉదాహరణకు ఒక కౌంటీలో ఇటాలియన్ మొత్తం 8,000, అందులో ఒకే మూలంగా 3,600 అనుకోండి, 0.45. వలస ఇటీవలిదైనా, గుంపు చెదరకపోయినా ఈ నిష్పత్తి పెద్దదవుతుంది. కానీ పాత వలస ఉన్న దక్షిణంలో ఇది పెద్దగా వస్తే మురిసిపోకండి. అక్కడ మిగతా మూలాలు మరచిపోయి ఒకటే మిగిలిందని అర్థం.

బీ04007లో మూలం చెప్పనివాళ్ల సంఖ్య ఉంటుంది. అది 25 శాతం దాటిన కౌంటీలకు నేనైతే గీతల నీడ వేస్తాను. హారంగా కౌంటీ మొత్తం జనాభా పెడితే నల్లవాళ్లు, హిస్పానిక్‌లు ఎక్కువున్న కౌంటీల్లో యూరప్ మూలాలన్నీ చిన్నబోతాయి. హిస్పానిక్ కాని తెల్లవాళ్ల సంఖ్య పెట్టండి, అదైనా ఉజ్జాయింపే.

లోపపు హద్దు (మార్జిన్ ఆఫ్ ఎర్రర్) కాలమ్ ఊరికే ఇవ్వలేదు. అది 90 శాతం హద్దు. 1.645తో భాగిస్తే ప్రామాణిక దోషం (స్టాండర్డ్ ఎర్రర్). అంచనాలో అది 30 శాతం మించితే ఆ కౌంటీకి రంగు వేయకండి. 120 మంది వెల్ష్, హద్దు 90 అంటే దోషం 55, అంటే 46 శాతం, అది అంకె కిందికి రాదు. మొదటి రెండు స్థానాల మధ్య తేడా హద్దుల్లోపే ఉంటే "జర్మన్ లేదా ఐరిష్" అని జంట రంగు ఇవ్వడం మేలు.

---

పాతకాగితం

మ్యాప్‌ను సరిచూసుకోవడానికి జ్ఞాపకం మీద ఆధారపడని దారి ఒకటుంది. 1880 నుంచి 1970 వరకు సెన్సస్ తల్లిదండ్రుల పుట్టిన చోటు అడిగింది. కౌంటీలవారీ పాత టేబుళ్లు ఎన్‌హెచ్‌జీఐఎస్ అనే సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. 1900 నుంచి 1930 వరకు మీ కౌంటీలో విదేశాల్లో పుట్టినవాళ్లు ఎందరు, ఏ దేశాల వాళ్లు అన్నది తీసి, ఇప్పటి జవాబు పక్కన పెట్టండి. అప్పుడు నార్వే వాళ్లు గట్టిగా ఉండి ఇప్పుడూ నార్వేజియన్ వస్తే ఆ రంగును నమ్మొచ్చు. అప్పుడు విదేశీయులే నామమాత్రంగా ఉండి ఇప్పుడు ఐరిష్ 15 శాతం వస్తే, అది 18వ శతాబ్దపు అల్‌స్టర్ అయినా కావాలి, ఇటీవల వేరే రాష్ట్రం నుంచి మారినవాళ్లయినా కావాలి. ఫ్లోరిడా, ఆరిజోనాల్లో ఎక్కువగా రెండోదే.

పాత టేబుళ్లకూ వాటి రోగాలున్నాయి. 1918కి ముందు పోలండ్ అనే దేశమే లేదు. పోల్‌లు రష్యా, జర్మనీ, ఆస్ట్రియా వరసల్లో చెదిరి ఉంటారు. స్లొవాక్‌లు హంగరీలో, ఫిన్‌లు కొన్నిచోట్ల రష్యాలో. 1910లోనూ 1920లోనూ మాతృభాష కూడా అడిగారు, దాన్ని పక్కన పెట్టుకుంటే చాలా ముడులు విడతాయి. పుట్టింది రష్యా, మాతృభాష జర్మన్ అంటే వోల్గా, నల్లసముద్రం వాళ్లు. పుట్టింది రష్యా, మాతృభాష యిడ్డిష్ అంటే యూదులు. మతం చెప్పమని ఎవరినీ బలవంతం చేయకూడదని 1976 నుంచి చట్టం ఉంది, కాబట్టి ఇప్పటి సర్వేలో "యూదు" అని రాసినా సెన్సస్ దాన్ని విడి మూలంగా టేబుల్లో చూపదు. న్యూయార్క్ చుట్టుపక్కల "రష్యన్", "పోలిష్" అంకెలు చూసేటప్పుడు ఈ సంగతి మనసులో పెట్టుకోండి.

ఒక్కో కుటుంబాన్ని శాంపిల్‌గా తీసుకుని తేల్చాలంటే 1950 సెన్సస్‌తో మొదలుపెట్టండి. 72 ఏళ్ల గడువు తీరి అది 2022 ఏప్రిల్ 1న బయటికొచ్చింది. అక్కడి నుంచి పదేళ్లు పదేళ్లు వెనక్కి. 1890 కాగితాలు 1921 అగ్నిప్రమాదంలో పాడై, దాదాపు ఏవీ మిగల్లేదు, ఆ గుంట దాటి 1880కి దూకాలి. 1850కి ముందు ఇంటి యజమాని పేరు ఒక్కటే రాసేవారు, భార్యాపిల్లలు అంకెలు మాత్రమే. దక్షిణపు వంశాలు తెగిపోయేది సరిగ్గా ఇక్కడే. ఊరి పేరు కావాలంటే 1906 సెప్టెంబర్ 27 తర్వాతి పౌరసత్వ కాగితాలు చూడాలి, అంతకుముందువి "జర్మనీ చక్రవర్తి విధేయత వదులుకుంటున్నాను" అని ఊరుకుంటాయి. 1936 నుంచి సోషల్ సెక్యూరిటీ దరఖాస్తులో తల్లి పుట్టింటి పేరు ఉంటుంది. పెన్సిల్వేనియా జర్మన్లకు 1727 నుంచి ఓడ దిగినప్పుడు చేసిన ప్రమాణాల జాబితాలున్నాయి. అల్‌స్టర్ నుంచి వచ్చినవాళ్లు బ్రిటిష్ రాజుకు అప్పటికే ప్రజలు, వాళ్లతో ప్రమాణం చేయించాల్సిన పని లేదు, కాబట్టి జాబితాలూ లేవు. ఒకే లోయలో పక్కపక్కన ఉన్న రెండు వంశాల్లో జర్మన్ వంశానికి ఓడ పేరుతో సహా దొరకడం, స్కాచ్ ఐరిష్ వంశానికి ఏమీ దొరక్కపోవడం ఇందువల్లే.

న్యూయార్క్ రేవులో వలసదారులను తనిఖీ చేసిన ఎల్లిస్ ఐలండ్‌లో అధికారులు పేర్లు మార్చేశారని చెబితే నమ్మకండి. జాబితా ఓడ ఎక్కిన రేవులోనే రాసేవారు, ఇక్కడ దానితో సరిపోల్చేవారంతే. పేర్లు మార్చుకున్నది తర్వాత, వాళ్లంతట వాళ్లు. జర్మన్ పేర్లు కొన్ని 1917–18 యుద్ధకాలపు ఒత్తిడిలో మారాయి.

---

పటాలరాయుడు

ప్యూమాకే మారుతున్నాను. దక్షిణానికి, ఆపలాచియన్లకు "పాత బ్రిటిష్ దీవులు" ఒకే రంగు, "అమెరికన్" వాటా మాత్రం దాని మీద చుక్కలుగా. అడ్డుపుల్ల గారి అభ్యంతరం కూడా తీరుతుంది, ఎవరు ఏం రాశారో కనిపిస్తూనే ఉంటుంది. మ్యాప్ పేరులో "వంశమూలం" తీసేసి "చెప్పుకున్న వంశమూలం" అని పెట్టాను. ఒక్క సందేహం మిగిలింది: "యూరోపియన్", "స్కాండినేవియన్", "చెకోస్లొవేకియన్" అని రాసినవాళ్లను ఏం చేయాలి?

---

లెక్కలమాస్టారు

"స్కాండినేవియన్"ను స్వీడిష్, నార్వేజియన్, డేనిష్‌లతో కలిపి ఒక గుంపు చేయండి, పంచకండి. "చెకోస్లొవేకియన్"ను చెక్, స్లొవాక్‌లతో కలపండి. నెబ్రాస్కా, టెక్సస్‌లలో దాదాపు చెక్, పెన్సిల్వేనియా పడమట ఎక్కువగా స్లొవాక్ అని తెలిసినా విడదీయొద్దు. "యూరోపియన్" అనేది పడమటి తీరంలో ఎక్కువగా కనిపిస్తుంది, దాన్ని ఏ దేశంలోనూ కలపలేరు. చెప్పనివాళ్లతో పాటు బూడిద రంగు ఇచ్చేయండి.